‘ఆయ్’ అంటే నేరం ఒప్పుకున్నట్టేనా?

మన కోనసీమలో పెద్దవాళ్ళు ఏమన్నా ముందు ‘ఆయ్’ అంటాం. విన్నామని చెప్పడానికి ఆయ్, వస్తున్నామనడానికి ఆయ్, అర్థం కాకపోయినా మర్యాదకి ఆయ్. గోదావరి పాయల మధ్య పుట్టిన ప్రతివాడి నాలుక మీదా ఉండే మాటే ఇది. అయితే మాలపేటలో, మాదిగపేటలో పుట్టినవాడికి ఇది వట్టి మర్యాద మాట కాదు. అరుగు మీద కూర్చున్న ఆసామి ముందు, మునసబు ముందు, కరణం ముందు చేతులు కట్టుకుని తాతల కాలం నుంచి అన్న మాట. ఆ మాటే ఇప్పుడు కోర్టు హాల్లో మన కొంప ముంచుతోంది.

పెట్టీ కేసులు పిలిచే రోజున ఏ మేజిస్ట్రేటు కోర్టుకైనా పోయి వెనక బెంచీ మీద కూర్చోండి. కోర్టు అందరిదీ, ఎవరైనా కూర్చోవచ్చు. పది పదిహేను మంది వరసగా నిలబడి ఉంటారు. ఆటోవాళ్ళు, బండి కాగితాలు లేనివాళ్ళు, సెంటర్లో అరుచుకున్నవాళ్ళు, తాగి దొరికినవాళ్ళు. వాళ్ళకి పాఠం వరండాలోనే అయిపోతుంది. “అయ్యగారడిగితే ఒప్పుకున్నానండి అనేయండి. ఫైనేస్తారు. కట్టేసి పనిలోకి పోదురుగాని.” లోపల పేరు పిలుస్తారు. ఏదో చదువుతారు. మధ్యలో సెక్షను నంబరొకటి చెవిన పడుతుంది. “ఒప్పుకుంటున్నావా?” “ఆయ్.” ఇంకేముంది, అయిపోయింది. టీ తాగినంత సేపు కూడా పట్టదు.

చట్టంలో రాసింది ఇది కాదు. పెట్టీ కేసైనా సరే, మనిషి మీద వచ్చిన ఆరోపణ ఏమిటో అతనికి చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశాడంటున్నారో చెప్పి, తప్పు ఒప్పుకుంటాడా, లేక చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని అడగాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఇది 251వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 274. దాని తర్వాతి సెక్షను ఇంకా ముఖ్యం. మనిషి ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలును సాధ్యమైనంతవరకు అతనన్న మాటల్లోనే రాసుకోవాలి. అన్న మాటల్లోనే! ‘ఆయ్’ అంటే ‘ఆయ్’ అనే రాయాలి మరి. దానికి ‘నేరం చేశాను’ అనే అర్థం ఏ నిఘంటువులో ఉందో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాం.

ఒకసారి ఒప్పుకున్నాక ఆ నేరనిర్ణయం మీద అప్పీలు లేదు. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం పడలేదనో పైకోర్టులో అడగొచ్చు గానీ ‘నేను చెయ్యలేదు’ అని అప్పీల్లో చెప్పుకునే తలుపు మూసుకుపోయినట్టే.

“ఇంత చిన్నదానికి గొడవెందుకండీ, వెయ్యో రెండు వేలో పారేస్తే పోద్ది” అంటారు మనవాళ్ళే. చిన్నదో పెద్దదో తేల్చాలంటే ముందు మన చేతికిచ్చిన కాగితం ఏమిటో తెలియాలి. రోడ్డు మీద రాసే చలానా వేరు, కోర్టులో వేసే ఫైను వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షను ఉంది. దాని ప్రకారం కొన్ని తప్పులకు, ప్రభుత్వం అధికారమిచ్చిన ఆఫీసరు దగ్గర రుసుము కట్టి అక్కడితో రాజీ చేసుకోవచ్చు. కట్టాక అదే తప్పుకి మళ్ళీ కోర్టు కేసు నడవదు. నువ్వు నేరస్తుడివని ఏ మేజిస్ట్రేటూ తీర్పు రాయడు. హెల్మెట్టు, లైసెన్సు, ఇన్సూరెన్సు, ఇలాంటివి చాలావరకు ఈ దారిలో పోయేవే. తాగి నడపడం, మైనరు పిల్లాడికి బండి ఇవ్వడం మాత్రం ఇలా పోవు, కోర్టుకెక్కి తీరాలి. కోర్టులో ఫైను పడిందంటే నేరం రుజువైందని తీర్పు వచ్చినట్టు లెక్క. రెండింటికీ రసీదుంటుంది. రసీదు లేకుండా చేతులు మారేదానికి చట్టంలో పేరు వేరే ఉంది.

2019 సెప్టెంబరు 1 నుంచి ఈ ఫైన్లు ఎలా పెరిగాయో ఒకసారి చూడండి. విడిగా శిక్ష చెప్పని చిల్లర తప్పులకు మొదటిసారి 100 రూపాయలుండేది, 500 అయింది. లైసెన్సు లేకుండా నడిపితే 500 ఉండేది, 5,000 అయింది. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000, రెండోసారి 4,000. హెల్మెట్టు లేకపోతే 1,000, పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. 2020 అక్టోబరులో మన రాష్ట్రం కూడా రాజీ రుసుములు పెంచుతూ ఉత్తర్వు ఇచ్చింది. అంబాజీపేటలో కాయ ధర పడిపోయిన నెలలో దింపు కార్మికుడికీ ఒలుపు కార్మికుడికీ 5,000 ఎక్కణ్ణుంచి వస్తుంది? వడ్డీకిచ్చేవాడి దగ్గర్నుంచి వస్తుంది. చెరువుల యజమాని కారుకీ, ఆ చెరువు గట్టు మీద కాపలా పడుకునే మనవాడి పాత బండికీ ఇన్సూరెన్సు లేకపోతే ఒకటే 2,000. ఆయనకది హోటల్లో ఒక పూట బిల్లు. మనవాడికది ఇంట్లో బియ్యం. చట్టం ముందు అందరూ సమానమే అంటే ఇదే కాబోలు. తెలంగాణాలో 2022 మార్చిలో టూవీలర్ల పాత చలానాలకు 75 శాతం రాయితీ ఇచ్చారు. అంటే ఇవి బ్రహ్మ రాసిన అంకెలేం కావు, ప్రభుత్వం తలుచుకుంటే తగ్గేవే. ఓటడగడానికి పేటలోకి వచ్చినవాణ్ణి నిలబెట్టి అడగవలసిన లెక్క ఇది.

ఇక మన కుర్రాళ్ళతో ఒక మాట. కోపం వచ్చినా వినాలి. 216వ నంబరు జాతీయ రహదారి మీదా, కాలవగట్ల మీదా తల పగిలి పోతున్నవాళ్ళలో మన పిల్లలున్నారు. బండి ముందు బాబాసాహెబు బొమ్మ అంటించి, వెనక ఇద్దర్నెక్కించుకుని, హెల్మెట్టు ఇంట్లో కొక్కేనికి తగిలించి వచ్చి, ఆపితే “దళితుణ్ణని ఆపారు” అనకండి. అలా అంటే, నిజంగా దళితుడవని ఆపిన రోజున నిన్నెవడూ నమ్మడు. తాగి నడిపినవాణ్ణి మేము వెనకేసుకు రాము. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసే. మొదటిసారి 10,000 ఫైను, లేదా ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. పదో తరగతి పిల్లాడికి బండి తాళాలిచ్చి మురిసిపోయే తండ్రులు కూడా వినాలి. బడి గేటు దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాం. 199ఎ సెక్షను కింద తండ్రికో బండి యజమానికో 25,000 ఫైను, మూడేళ్ళ దాకా జైలు. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. డ్రైవరు ఉద్యోగమే బతుకుతెరువయ్యే ఇంట్లో ఇది ఎంత దెబ్బో ఆలోచించండి.

ఇన్సూరెన్సు సంగతి ఇంకొకటి. 2,000 ఫైను అసలు భయమే కాదు. ఇన్సూరెన్సు లేని మన ఆటో కింద ఎవరైనా పడితే, నష్టపరిహారం లక్షల్లో యజమాని నెత్తినే పడుతుంది. ఉన్న మూడు సెంట్ల స్థలం కూడా పోతుంది. సెకండ్ హ్యాండు బండి కొని పేరు మార్పించుకోని వాళ్ళదీ ఇదే గతి. అమ్మినవాడి పేరున చలానాలు పోతుంటాయి, కొన్నవాడు ఎక్కడో పట్టుబడతాడు, ఇద్దరూ స్టేషను చుట్టూ తిరుగుతారు.

బండి మనకి షోకు కాదు. 1929లో అంబేడ్కర్ చాళీస్‌గావ్ స్టేషన్లో దిగితే ఆయన్ని ఎక్కించుకోవడానికి ఏ టాంగావాడూ ఒప్పుకోలేదు. అప్పటికాయన బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీలో సభ్యుడు. ఆఖరికి టాంగా ఇస్తాం గానీ తోలం అన్నారు. తోలడం చేతకాని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. బండి అదుపు తప్పి, బాబాసాహెబు కిందపడి కాలు విరిగింది. ఈవేళ మన పేటలో ఆటో ఉంది, బండి ఉంది, ట్రాక్టరు తోలేవాడున్నాడు. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే ఎవడి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. ఆ బండికి కాగితాలు లేకపోతే మాత్రం మళ్ళీ ఎవడో ఒకడి గుమ్మం ముందుకే చేరతాం.

ఎలాగంటారా? పెద్దకులం కుర్రాడి బండి ఆపితే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. జేబులోంచి ఫోను తీస్తాడు, అంతే. ఈ మధ్య మనవాళ్ళకి కూడా ఫోను దొరుకుతోంది. వార్డు మెంబరు, ఆయన పైనున్నాయన, ఆ పైనున్నాయన. బండి వదిలేస్తారు. మనవాడు పొంగిపోయి పేటంతా చెప్పుకుంటాడు. ఫోను మీద విడుదలైన బండి ఎన్నికలదాకా తాకట్టులో ఉన్నట్టే అని మా అభిప్రాయం. రేపు వాళ్ళ తాలూకు మనిషి మన ఆడపిల్లని ఏదో అంటాడు. స్టేషనుకి పోవద్దని, కూర్చుని మాట్లాడుకుందామని అదే నంబరు నుంచి ఫోను వస్తుంది. అప్పుడు ఏం మాట్లాడతావు? తప్పు చేసి వెయ్యి రూపాయలు కట్టి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నవాడు ఆ రోజు కాదనగలడు.

ఇప్పుడు రెండో వైపు. చెక్‌పోస్టు దగ్గర ఆపినవాడు లైసెన్సు అడగాలి, రిజిస్ట్రేషను కాగితం, ఇన్సూరెన్సు, పొల్యూషను సర్టిఫికెట్టు అడగాలి. “ఏ ఊరు? ఎవరి తాలూకు? ఏ పేట?” అని అడిగే సెక్షను మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. 2018 నుంచి ఈ కాగితాలు ఫోనులో చూపించినా చెల్లుతాయి. అయితే ఫోటో తీసి దాచుకున్నది కాదు, డిజిలాకర్‌లోనో ఎం-పరివాహన్‌లోనో ఉన్నది చూపాలి. లైసెన్సు అడిగే పోలీసు యూనిఫారంలో ఉండాలని చట్టమే చెబుతోంది. కాగితం తీసుకుంటే రసీదివ్వాలి, బండి పట్టుకుపోతే ఏ సెక్షను కింద పట్టుకుపోతున్నారో రాసివ్వమని అడగాలి. మర్యాదగా, “అండీ” అంటూనే అడగండి. గొంతు పెంచితే అసలు తప్పు పోయి ‘విధులకు ఆటంకం’ కేసు నెత్తిన పడుతుంది. అది పెట్టీ కేసు కాదు.

ఫైనుతో పోయే తప్పుకి ఎవడి ఒంటి మీదా చెయ్యి పడకూడదు. 2020 జూలైలో చీరాలలో మాస్కు లేదని బండి మీద పోతున్న ఇద్దరు దళిత కుర్రాళ్ళను ఆపారు. వాళ్ళలో ఒకడు తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు, కొట్టారని ఇంట్లోవాళ్ళన్నారు. అదే నెలలో మనకి పక్కనే సీతానగరం స్టేషన్లో ఒక దళిత యువకుడికి గుండు గీశారు. ఆ ఎస్సై సస్పెండయ్యాడు, అరెస్టయ్యాడు. మాస్కు లేనందుకు ఫైనెంత? ఆ కుర్రాడి దగ్గర అంతకన్నా ఎక్కువ ఏం వసూలు చేశారు?

బండి కేసులు కాక ఇంకో రకం ఉన్నాయి. 1861 నాటి పోలీసు యాక్టు, 1889 నాటి టౌన్ న్యూసెన్సు యాక్టు. 1857లో సిపాయిలు తిరగబడ్డాక మనల్ని అదుపులో పెట్టుకోవడానికి తెల్లవాడు చేసుకున్న పోలీసు చట్టంతో మన స్వతంత్ర ప్రభుత్వాలకీ పని పడుతూనే ఉంది. అంబేడ్కర్ విగ్రహం దగ్గర నలుగురం గుమిగూడితే ‘సెక్షన్ 30 అమల్లో ఉంది’ అంటారు. జిల్లాకి అంబేడ్కర్ పేరు వద్దంటూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టినప్పుడు 30 అంటే ఏమిటో, 144 అంటే ఏమిటో చదువురానివాళ్ళు కూడా నేర్చుకున్నారు. ఆ 144 ఇప్పుడు కొత్త చట్టంలో 163. నంబర్లు మారాయి గానీ లాఠీ మారలేదు.

బైండోవరు సంగతి కూడా మనవాళ్ళకి సరిగ్గా తెలీదు. ఊళ్ళో గొడవైతే తహసీల్దారు ముందు నిలబెట్టి, ఇన్నాళ్ళు శాంతిగా ఉంటానని బాండు రాయించుకుంటారు. పాత 107, ఇప్పటి 126. ఇది నేరానికి శిక్ష కాదు. నోటీసులో కారణం రాసి ఉండాలి, ఆ కారణం అబద్ధమని చెప్పుకునే హక్కు మనకుంది, విచారణ జరపమని అడగొచ్చు, వకీల్ని పెట్టుకోవచ్చు. కానీ జరుగుతున్నదేమిటి? గొడవైతే రెండు వర్గాల్నీ సమానంగా బైండోవరు చేసేస్తారు. కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ ఒకే కాగితం మీద. మీరూ తప్పు చేశారు, వాళ్ళూ చేశారు, ఇంక కేసు వదిలెయ్యండి అనే రాయబారం అక్కణ్ణుంచే మొదలవుతుంది.

కౌంటరు కేసుదీ అదే దారి. మనం అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే మనవాళ్ళ మీద న్యూసెన్సనో, తిట్టారనో, చెట్టు కొట్టారనో చిన్న కేసొకటి పడుతుంది. చిన్నదే కదా అని మనవాడు కోర్టులో ‘ఆయ్’ అంటాడు. ఆ ఒప్పుకోలు రేపు మన పెద్ద కేసులో వాళ్ళ వకీలు చేతిలో ఆయుధం. ‘గొడవ మొదలెట్టింది వీళ్ళే, కోర్టులో ఒప్పుకున్నారు కూడా’ అంటాడు. కౌంటరు కేసు ఉందంటే ఎన్ని వందలకైనా సరే ఒప్పుకోకండి. 1989 అట్రాసిటీ చట్టంలో, 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ తర్వాత, 3(1)(పి) అని ఉంది. దళితుడి మీద అబద్ధపు కేసు, కక్షకేసు పెట్టడం కూడా ఆ చట్టం కింద నేరమే. ఈ సంగతి స్టేషన్లో ఎవరూ మనకి చెప్పరు.

మన మీద పడిన కేసు టీ తాగినంత సేపట్లో తేలిపోతుంది. మనం పెట్టిన కేసు ఎంతసేపట్లో తేలుతుందో వెంకటాయపాలెం వాళ్ళనడగండి. 1996 డిసెంబరు 29న ఇద్దరు దళితులకు గుండు గీసి అవమానించిన కేసు. విశాఖపట్నంలో ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది 2024 ఏప్రిల్ 16న. పడిన శిక్ష 18 నెలలు. పట్టిన కాలం 27 ఏళ్ళు దాటింది. అందుకే అంటున్నాం, మన కేసుల్లో అంత ఓపిక పట్టే కోర్టు, మన మీది కేసుల్లో ఒక్క వాయిదా ఓపిక పట్టలేదా? అడిగితే పడుతుంది. అడగాలి.

కువైట్‌కీ దుబాయ్‌కీ పోయే అక్కచెల్లెళ్ళున్న ఇళ్ళవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. కోర్టులో క్రిమినల్ కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టు ఆపవచ్చు. 1967 పాస్‌పోర్టు చట్టం 6(2)(ఎఫ్) అది. స్టేషన్లో కేసు రాసుకున్నంత మాత్రాన కాదు, కోర్టు దాన్ని విచారణకు తీసుకున్నాక. అప్పుడైనా దారి ఉంది. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం, ఆ కోర్టునే అడిగి విదేశానికి పోవడానికి అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. ఫైనుతో పోయిన చిల్లర కేసు వల్ల పాస్‌పోర్టు పోదు. చట్టంలో అడ్డు చెప్పింది నైతిక పతనం కిందికొచ్చే నేరంలో రెండేళ్ళకు తక్కువ కాని జైలుశిక్ష పడి ఐదేళ్ళు కానివాళ్ళకి. కాబట్టి “కేసుంది, పాస్‌పోర్టు రాదు, యాభై వేలివ్వు, నేను చూసుకుంటా” అనే ఏజెంటు మాట నమ్మకండి. అలాగే ఆ చిల్లర కేసును వాయిదాకి పోకుండా వదిలేసి ఏళ్ళ తరబడి పెండింగులో ఉంచకండి కూడా. వాయిదాకి పోకపోతే వారంటు వస్తుంది. మొదట బెయిలుకి వీలున్నది, తర్వాత వీల్లేనిది. 500 రూపాయల కేసులో పండక్కి ఊరొచ్చిన మనిషిని పట్టుకుపోయే దాకా వస్తుంది.

ఉద్యోగాలకి పెట్టుకునే పిల్లలకైతే, అటెస్టేషను ఫారంలో ‘మీ మీద కేసులున్నాయా’ అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, చిన్నతనంలో నినాదాలిచ్చిన కేసులాంటి చిల్లర విషయం దాచినా యాజమాన్యం చూసీచూడనట్టు పోవచ్చునని. పోవచ్చు అన్నారు గానీ పోవాలి అనలేదు. దాచడం వల్ల పోయే ఉద్యోగాలే ఎక్కువ. కానిస్టేబులు సెలక్షను దాకా వచ్చి టౌన్ న్యూసెన్సు కేసు రాయడం మర్చిపోయి ఇంటికి వచ్చెయ్యడం కన్నా దుఃఖం ఏముంటుంది? అసలు రాయడానికైనా వాడికి ఆ రోజు ఏ సెక్షను కింద ‘ఆయ్’ అన్నాడో తెలియాలి కదా.

మరి ఏం చెయ్యాలి? తప్పు చేస్తే కట్టండి. చెయ్యకపోతే, లేదా చదివింది అర్థం కాకపోతే, “నాకు అర్థం కాలేదండి, వకీలు కావాలండి, వాయిదా ఇప్పించండి” అనండి. మూడు ముక్కలే. పిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు ఈ మూడు ముక్కలూ ప్రతి ఇంట్లోనూ నేర్పాలి. వకీలుకి డబ్బెక్కడిదంటారేమో. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు కులాలవాళ్ళకి వకీలు ఉచితం. దీనికి ఆదాయ పరిమితి లేదు. తెల్లకార్డు ఉందా, ఎంత సంపాదిస్తున్నావు అనే ప్రశ్నే లేదు. ఆడవాళ్ళకి ఏ కులమైనా ఉచితమే. కేసు వెయ్యడానికైనా, మన మీద వేసిన కేసు ఎదుర్కోవడానికైనా వర్తిస్తుంది. 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉన్న చట్టం. ఇన్నేళ్ళలో మన పేటల్లో ఎంతమంది వాడుకున్నారో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో, ముమ్మిడివరంలో కోర్టులున్నాయి. కోర్టుకి ఆనుకుని మండల న్యాయసేవాధికార కమిటీ ఉంటుంది. తెల్లకాగితం మీద పేరు, ఊరు, కేసు నంబరు, వకీలు కావాలన్న ముక్క రాసి, కులధ్రువపత్రం జిరాక్సు జతచేస్తే చాలు. రాయడం రానివాళ్ళు నోటితో చెప్పినా రాసుకుంటారు. 15100 కి ఫోను చేసినా దారి చెబుతారు. ఇచ్చిన వకీలు సరిగ్గా రాకపోతే మార్చమని అడగొచ్చు. ఉచితం కదా అని నోరు మూసుకోవక్కర్లేదు, ఇది ధర్మం కాదు.

రాజీకి వీలున్న కేసులు లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు. అక్కడి అవార్డు మీద అప్పీలు లేదని తెలిసే సంతకం పెట్టండి. అట్రాసిటీ కేసునీ కౌంటరు కేసునీ కలిపి “రెండూ రాజీ అయిపోండి” అని ఎవరైనా అదాలత్ రోజున చెవిలో ఊదితే మాత్రం లేచి వచ్చెయ్యండి. యానాం సీసాలతో దొరికినవాళ్ళు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. అది ఎక్సైజు కేసు, జైలున్న కేసు. పక్కవాడు బండి కేసులో ఫైను కట్టి పోయాడని చూసి మీరూ ‘ఆయ్’ అనేయకండి.

ఫైను పడింది, చేతిలో డబ్బు లేదు. అప్పుడు గాభరాపడి కోర్టు ఆవరణలోనే నూటికి పది వడ్డీకి తెచ్చుకోనక్కర్లేదు. ఫైను ఒక్కటే శిక్షగా పడినప్పుడు, 30 రోజులు గడువిమ్మనో, రెండు మూడు వాయిదాల్లో కడతాననో అడగొచ్చు. బాండు రాసివ్వమంటారు. ఇవ్వడం ఇవ్వకపోవడం మేజిస్ట్రేటు చేతిలో ఉంటుంది గానీ అడగడం మన చేతిలో ఉంది.

కొత్త చట్టంలో ‘సమాజ సేవ’ అని ఒక శిక్ష పెట్టారు. తాగి బజార్లో గొడవ చెయ్యడంలాంటి చిన్న నేరాలకు జైలుకి బదులు జీతంలేని పని చేయించవచ్చు. మంచిదే, జైలు కన్నా నయమే. కాకపోతే చీపురు పట్టడం ఈ దేశంలో కొందరికి నేరం చేస్తే వచ్చే శిక్ష, కొందరికి పుడితేనే వచ్చే పని. మనవాడికి ఆ శిక్ష వేసినప్పుడు ఏ పని ఇస్తారో, ఆసామి కొడుక్కి వేసినప్పుడు ఏ పని ఇస్తారో గమనిస్తూ ఉండాలి.

గమనించడానికి మనిషి ఉండాలి. సంఘాలవాళ్ళని మేము కోరేది ఇదొక్కటే. ప్రతి పేట నుంచి చదువొచ్చిన ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, పెట్టీ కేసులు పిలిచే రోజున కోర్టులో వెనక బెంచీ మీద కూర్చోవాలి. మాట్లాడకూడదు, ఫోను తియ్యకూడదు. బయటికొచ్చాక నోటుబుక్కులో రాసుకోవాలి. ఎవరు, ఏ ఊరు, ఏ సెక్షను, చదివింది తెలుగులో చెప్పారా లేదా, అతనన్న మాటేమిటి, ఫైనెంత, రసీదిచ్చారా, వకీలున్నాడా. వాయిదా తేదీలు ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొడితే దొరుకుతాయి, అవీ రాసుకుని ఆ ఇళ్ళకి ముందురోజు కబురు చెయ్యాలి. రెండు నెలలు ఇలా చేసి, ఆ నోటుబుక్కులన్నీ పట్టుకుని అమలాపురం రండి. కూర్చుని లెక్క చూద్దాం.